చక్రంలో దొరకని విలన్

నవలకి విలన్ కావాలని ఫోన్‌లో ఒక వెబ్‌సైట్ పట్టాను. అందులో రంగుల చక్రం తిప్పితే విలన్ తయారవుతాడట. ఎన్నిసార్లు తిప్పినా చెంప మీద గాటు, ఒంటి మీద నల్లకోటు. మా బందరులో నల్లకోటు వేసేది ప్లీడర్లే కదా! ఒళ్లు మండింది.

ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. ఎవరి కోసమైనా ప్రార్థించాలా అని పాస్టరు గారు అడగ్గానే పక్కింటి ఆంటీ లేచారు.

"మన రైటర్ గారి కోసం ప్రార్థించండయ్యా. ఫోన్‌లో ఏదో చక్రం తిప్పుతున్నారు. జూదమో ఏమో, నాకెందుకులెండి!" అన్నారు ఎంతో బాధగా.

అందరూ కళ్లు మూసుకున్నారు. నా ఫోన్ ఈవిడెప్పుడు చూసింది? అనుమానమొచ్చి ఒక కన్ను తెరిచాను.

తెల్లచీరలో ఆంటీ, రెండు కళ్లూ తెరిచి, బల్ల మీదున్న నా ఫోన్‌లోకి తొంగి చూస్తున్నారు.