బావగారి వరండా

మా అక్క భర్తకు అల్లవరంలో రొయ్యల చెరువులున్నాయి. రొయ్యపిల్లల సంచి వస్తే వెంటనే విప్పరు. కాసేపు చెరువులో తేలనిచ్చి, ఆ నీరు అలవాటయ్యాకే వదులుతారు. ఇంటికొచ్చిన చుట్టాల విషయంలోనూ అంతే. "ముందు సర్దుకోవాలండీ," అంటూ వరండాలో కూర్చోబెడతారు. నన్నూ కూర్చోబెట్టారు. నేనది మరిచిపోలేదు.

ఆ రోజు మా అక్వేరియం పగిలింది. జానెడు పొడవున్న ఆస్కార్ చేప బకెట్లో ఎంతోసేపు బతకదని, దాన్ని ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. వాళ్ల హాల్లోని పెద్ద అక్వేరియంలో మూరెడు అరోవానా చేప ఉంది. రెండూ చిన్న చేపల్ని మింగే జాతులే కదా, కలిసిపోతాయనుకున్నాను. బావగారు నా చేపను వలసంచిలో వేసి ఆ అక్వేరియంలో వేలాడదీశారు. నన్ను వరండాలోకి పంపారు. కాఫీ కూడా లేదు.

ఇంతలో లోపల దబ్బున చప్పుడైంది. అరోవానా వల మీద పడింది.

"పొసగదండీ. మావాడు ఊరుకోడు, మీవాడు తగ్గడు. పట్టుకెళ్లిపోండి."

"మా చేపంటే మీకు మొదట్నించీ చులకనే బావగారూ!"

"ఆయ్," అన్నారు నవ్వుతూ.

నేను ఇల్లు చేరేసరికి వెనకాలే బావగారు ఆటోలో తమ పాత అక్వేరియం వేసుకుని వచ్చారు. దగ్గరుండి నీళ్లు నింపి, నా చేపను బతికించారు. చేతులు తుడుచుకుంటుంటే, వరండాలో కుర్చీ చూపించాను.

"ముందు సర్దుకోవాలండీ!"

"ఆయ్, అలాగేనండీ," అని బుద్ధిగా కూర్చున్నారు.

అంతలోనే మా ఆవిడ ఆయనకు కాఫీ తెచ్చి ఇచ్చేసింది. అదీ నేను మరిచిపోలేదు.