వాడకట్టు తాళంచెవులు

తాండూరులో పత్తి మిల్లు మూతపడ్డాక మా వాడకట్టు ఎప్పుడు ఖాళీ అయిందో నాకు తెలియనే తెలియదు. అక్కడే ఉండి తెలియకపోవడమేమిటని మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఎవరైనా పోతున్నామని చెబితే కదా, అందరూ "పోయొస్తం" అన్నవాళ్లే. కొందరు షోలాపూర్, కొందరు హైదరాబాద్. పోతూ పోతూ తాళంచెవి అమ్మ చేతిలో పెట్టి, "జర వాకిలి సూస్తుండు వదినా" అనేవారు. వాకిలి చూడడమంటే మా దగ్గర ఊడ్చి, పేడనీళ్ల సాన్పు చల్లి, ముగ్గు వెయ్యడం. ముగ్గు లేని ఇల్లు పాడుబడ్డట్టు లెక్క.

నాన్నకు అప్పటికి వికారాబాద్ కట్టెల డిపోలో పని. వారానికోసారి పొద్దుగూకాక బండి దిగి వచ్చి, తెల్లవారకముందే పోయేవాడు. మసక చీకట్లో తాళాలు కనబడవు, ముగ్గులు తెల్లగా కనబడతాయి. వాటిని చూసి మురిసేవాడు. షోలాపూర్ మిల్లులో పని ఉంది, వెంటనే రమ్మని మా మేనమామ కబురు పెడితే, "గింతమంది ఉన్నరంటే మిల్లు మళ్ల తెరుస్తరు. మనమెందుకు పోవాలె?" అన్నాడు. ఇళ్లన్నీ ఖాళీ అని అమ్మ చెప్పదు. నేను చెప్పాలో వద్దో తెలియక గింజుకునేదాన్ని. ఆ పని చేజారితే మా గతేమిటని భయం కూడా వేసేది.

చివరికి అమ్మ తొందరే బయటపెట్టింది. ఒకనాడు ఎదురింటి సాయిబుగారి గడప ముందు కూడా ముగ్గు వేసేసింది.

ఆ పొద్దుగూకాక వచ్చిన నాన్న అక్కడే ఆగిపోయాడు. "గీళ్లు ఎప్పటిసంది ముగ్గేస్తున్నరు?"

"వాళ్లు పోయి మస్తు దినాలాయె," అంది అమ్మ.

"మిగిలినోళ్లు?"

"అందరు పోయిండ్రు."

నాన్న కోప్పడలేదు. "అయితే మనం గూడ పోదం. మూటలు గట్టు," అన్నాడు.

అమ్మ గూట్లోంచి తాళంచెవుల గుత్తి తెచ్చి ఆయన ముందు పెట్టింది. "కడ్తగని, గివి ఎవలకిచ్చి పోవాలె? మనది ఎవలకియ్యాలె?"

ఇదేం అడ్డు అని నాకు ఒళ్లు మండింది. నాన్న మాత్రం ఒక్కో తాళంచెవీ తిప్పి చూస్తూ కూర్చున్నాడు. అమ్మ ఇన్నాళ్లూ ఇచ్చిన మాట నిలబెట్టుకుందో, ఆయన్ను కదలనివ్వకుండా కట్టేసిందో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

షోలాపూర్ పని తరవాత ఇంకెవరికో పోయింది. ఆ రాత్రి తెల్లవారి నాన్న వికారాబాద్ బండికి కూడా పోలేదు. ఎన్నడూ ముట్టని చీపురు పట్టుకుని వాడకట్టు ఆ చివర నుంచి ఊడ్చుకుంటూ వచ్చాడు. వెనకాలే అమ్మ ముగ్గులు వేసుకుంటూ వచ్చింది. సాయిబుగారి ఇంటి ముందుకు వచ్చాక, వెయ్యాలో వద్దో తేలక ఇద్దరూ చాలాసేపు అక్కడే నిలబడ్డారు.