ఉంగరం వేలిలో సగం

మా పొందూరులో గున్నమ్మ కళ్లు మూసుకుని నూలు తడిమి, అది ఎవరి రాట్నం మీద వడికిందో చెప్పేసేది. ఆ నూలుతో నేసిన పంచె ఒకటి నా దగ్గర ఉండేది. అగ్గిపెట్టెలో పుల్లలు తీయకుండానే అది పట్టేదని నేను ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ణి. పంచె సంగతి నమ్మకపోయినా ఫరవాలేదు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నమ్మండి.

గున్నమ్మ నా భార్యకు పినతండ్రి కూతురు. పన్నెండో ఏట నుంచీ ఆమె పని పత్తి ఏకడం. మా వైపు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ చేప పళ్లు ఏ దువ్వెన పళ్లకన్నా సన్నం. మణికట్టు వంచి, దవడను వేళ్లతో బిగించి పట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా దువ్వితే దూది మబ్బు తునకలా తేలుతుంది. ఆ దూదిని చుట్టి గున్నమ్మ ఏకులు చేసేది. పక్కింటి లక్ష్మణమ్మ ఆ ఏకుల్ని రాట్నం మీద వడికేది. ఒకటే అరుగు, ముప్పై ఏళ్ల జత.

కొత్తవలస నుంచి కొండల్లోకి కొత్త రైలు లైను పడిన మరుసటి ఏడాది, గున్నమ్మ చేతిలోంచి దవడ జారిపడటం మొదలైంది. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు తిమ్మిరెక్కేవి. తెల్లారి లేచాక, తడి చేతిని విదిలించినట్టు చాలాసేపు విదిలిస్తే గానీ వాటికి ప్రాణం వచ్చేది కాదు. వాళ్లమ్మ నేర్పిన వైద్యం ఒకటుంది: నూలు పనివాళ్ల చేతినొప్పికి నూలే మందు. పసుపులో ముంచిన నూలు మణికట్టుకు నూటొక్క చుట్లు చుట్టుకుంది. తగ్గలేదని బిగించింది. బిగించినకొద్దీ తిమ్మిరి పెరిగింది. పెరిగిందని మళ్లీ బిగించింది.

ఒకరోజు పొయ్యి మీంచి గంజికుండ దించి అరుగు మీదికి వచ్చింది. లక్ష్మణమ్మ ఏకు అందుకోబోయి ఆగిపోయింది.

“ఒసే గున్నా, ఆ ఏలు మీద బొబ్బేటే?”

“ఏ ఏలు?” గున్నమ్మ చూసుకుంది. చూపుడు వేలి కొస కాలి ఉబ్బింది. “ఓలమ్మ! నాకు తెలీనేదే!”

కాలినా తెలియలేదంటే ఆ రోజుల్లో మా జిల్లాలో ఒకటే అర్థం. కుష్టు అని పైకి అనడానికి భయపడి ‘పెద్దరోగం’ అనేవారు. లక్ష్మణమ్మ ఆ మాట కూడా అనలేదు. మర్నాటి నుంచి ఏకులు వేరే ఇంటి నుంచి తెప్పించుకుంది. రాట్నాన్ని అరుగు అవతలి చివరకు జరుపుకుంది.

మూడోనాడు గున్నమ్మ మా ఇంటికి వచ్చింది.

“బావా, నువ్వు కాన్వెంటులో సదివినోడివి. దాక్టరు ఇంగిలీసులో ఏటన్నా నీకు తెలుస్తాది. నాతోటి రా. ఆ రోగమే అయితే నేనే అరుగు దిగిపోతాను. గానీ నాకు నిజం సెప్పాల. నీ కతలొద్దు.”

కాన్వెంటులో సిస్టరు అబద్ధానికి రెండు దెబ్బల చొప్పున నా అరచేతిలో వేసేది. అరచేతి గురించి ఆ మాత్రం తెలుసుగదా అని బయల్దేరాను.

ఆ రోగానికి మందిచ్చే డాక్టరు నరసింగరావు గారు గురువారం గురువారం శ్రీకాకుళం దారిలో ఒక పాకలో కూర్చునేవారు. బస్సు దిగేదాకా గున్నమ్మ ముసుగు తీయలేదు. నర్సు ఆమెను లోపలికి తీసుకెళ్లి ఒంటి మీద మచ్చలున్నాయేమో చూసింది. డాక్టరు మోచేతి వెనక నరం తడిమారు. తరవాత కళ్లు మూసుకోమని, చిన్న దూదిపింజతో ఒక్కో వేలూ తాకసాగారు.

“తగిలితే చెప్పమ్మా.”

“దూది సరిగ్గా ఏకనేదు బాబూ, నలకలున్నాయి.”

“ఏ వేలికి తెలిసింది?”

“సిటికెనేలుకి.”

బొటనవేలికి తెలియలేదు. చూపుడు వేలికి, నడిమి వేలికి కూడా తెలియలేదు. ఉంగరం వేలి దగ్గర డాక్టరు నెమ్మదించారు. చిటికెన వేలి వైపు అంచు తాకితే “ఆఁ” అంది. నడిమి వేలి వైపు అంచు తాకితే పలకలేదు. మళ్లీ ఇటు, మళ్లీ అటు. ఒకే వేలు, నిలువునా రెండు ముక్కలు! జీవితంలో ఎన్నో కోతలు కోశాను గానీ ఇంతటిది నాకు ఎన్నడూ తట్టలేదు.

“ఇది ఆ రోగం కాదమ్మా,” అన్నారు డాక్టరు. “మచ్చ లేదు. మోచేతి నరం ఉబ్బలేదు. ఆ రోగం చేతికొస్తే చాలామందికి చిటికెన వేలి వైపే ముందు మొద్దుబారుతుంది. నీకు అదే బాగుంది.”

“మరేటి బాబూ?”

“కొత్తవలస లైను మీద సొరంగాలున్నాయని విన్నావా? నీ మణికట్టులోనూ ఒకటుంది. అడుగునా పక్కలా ఎముకలు, పైన పట్టీలాంటి గట్టి కప్పు. వేళ్లు ముడిచే తాళ్లు తొమ్మిది, నరం ఒకటి, అన్నీ అందులోంచే పోవాలి. రోజంతా మణికట్టు వంచి పనిచేస్తే లోపల వాచి, చోటు చాలక నరం నలుగుతుంది. ఆ నరం ఏలేది మూడున్నర వేళ్లు. మిగతా ఒకటిన్నర వేరే నరానివి. అది ఈ సొరంగంలోకి రాదు.”

రెండు చేతుల వెనకవైపులూ ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి వేలాడదీసి, అరవై లెక్కపెట్టమన్నారు. ముప్పై దాటకముందే వేళ్లు తిమ్మిరెక్కాయి. అప్పుడు ఆయన కన్ను పసుపు నూలు మీద పడింది.

“లోపలి ఇరుకు చాలక బయటినుంచి కూడా బిగించావా తల్లీ?” అంటూ కత్తెర అందుకున్నారు. తెగిన ముక్కల్ని గున్నమ్మ ఏరి కొంగున కట్టుకుంది. నూలు పారేసే మనిషి కాదు.

ఆరు వారాలు దవడ ముట్టకూడదు. పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా, గుడ్డ చుట్టిన వెదురుబద్ద వదులుగా కట్టుకోవాలి. తగ్గకపోతే మణికట్టులో సూదిమందు. దానికీ లొంగకపోతే విశాఖపట్నంలో ఆ కప్పు కోసి నరానికి చోటివ్వాలి.

ఇదంతా అరుగు మీద చేరిన ఆడవాళ్ల ముందు నిలబడి ఒక్క అక్షరం కల్పించకుండా చెప్పాను. లక్ష్మణమ్మ రాట్నం ఆపింది.

“మావా, కొత్తవలస సొరంగంలో దూరిన రైలు మర్నాటికి గానీ బయటికి రాదని సెప్పింది నువ్వే గదా? ఇప్పుడా సొరంగం అట్టుకొచ్చి గున్న సేతిలో ఎట్టినావా?”

అరుగంతా నవ్వింది. నేనూ నవ్వబోయి గున్నమ్మ ముఖం చూసి మానేశాను.

“బావ మాట ఒగ్గేయండి,” అంది గున్నమ్మ. “మీ సేతుల్నే అడగండి. ఇలా వంచి అరవై లెక్కెట్టండి.”

ఆటలా ఉందని అందరూ చేతులు వంచారు. అందరిలోకీ పెద్దది కూర్మమ్మ, అరవై దాటి డెబ్బై దాకా లెక్కపెట్టింది. నలభై దగ్గరే లక్ష్మణమ్మ చేతులు విడదీసి, తడి విదిలించినట్టు విదిలించింది. ఆ విదిలింపు గున్నమ్మకు తెలుసు.

“ఎన్నాళ్లనుంచే?”

లక్ష్మణమ్మ తల దించుకుంది. “రెండేళ్లు. ఎవులికీ సెప్పనేదు. నీ బొబ్బ సూసినాక, నాకూ అదేనని బయమేసినాదే.”

గున్నమ్మ ఆమె పక్కన కూర్చుని దూదిపింజ తీసింది. “కళ్లు ముయ్యి.” ఉంగరం వేలి అంచులు రెండూ తాకి చూసింది.

“సగమే,” అంది, ఊపిరి వదిలి.

మరుసటి గురువారం ఇద్దరూ కలిసి వెళ్లారు. ఈసారి ముసుగుల్లేవు. గున్నమ్మకు వెదురుబద్దతోనే చాలావరకు తగ్గింది. లక్ష్మణమ్మకు సూదిమందు కూడా పడింది. గున్నమ్మ బొటనవేలి కింద అప్పటికే పలచబడిన కండ మాత్రం మళ్లీ నిండలేదు. దవడకు పొడుగాటి పిడి కట్టించుకుని, మణికట్టు వంచకుండా, రోజుకు ఒక్క పూట పనే చేసేది.

ఏడో వారం ఆమె చుట్టిన మొదటి ఏకును అరుగు మీద పెట్టింది. లక్ష్మణమ్మ రాట్నం ఇవతలికి ఈడ్చుకొచ్చి, ఏకు తీసుకుని నలిపి చూసింది.

“ఇందులో నలకుందే.”

“ఏ ఏలుకి తెలిసినాది?”

“సూపుడేలుకి,” అంది లక్ష్మణమ్మ.