పెద్దమ్మకు చెప్పని ముగింపు

పోయిన శుక్రవారం మా పెద్దమ్మ ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది. ఈ పత్రికలో కొత్త క్రైస్తవ నవలలను మీకు పరిచయం చేసే పేజీ నిజానికి ఆమెదే. కళ్లు మసకబారాక నేను చదివి వినిపించేదాన్ని, ఆమె తీర్పు చెప్పేది, నేను రాసేదాన్ని.

సండే స్కూలు పిల్లలకు కథలు చెప్పీ చెప్పీ ఈమెకు కథల పిచ్చి పట్టిందని పెద్దనాన్న ఎగతాళి చేసేవాడు. ఆమెకు గిట్టని నవల ఒక్కటే రకం. "మోకాళ్ల మీద పడంగనే రోగం పోతది, తాగుబోతు మొగడు బైబిలు పట్టుకుంటడు. మన చర్చిల కూసున్నోళ్లందరికి గట్లనే అయిందా బిడ్డా?" అనేది. పెద్దనాన్న కోసం ఎంత ప్రార్థించినా ఆయన దక్కలేదు. ఎవరైనా జాలిపడితే, "జవాబు రాలే. అయినా పోతున్న గద చర్చికి" అనేసి మాట మార్చేది.

తెలంగాణ కోసం బంద్ పిలుపు వచ్చిందంటే అందరూ ముందురోజే పాలు, కూరగాయలు తెచ్చి పెట్టుకునేవాళ్లు. పెద్దమ్మ మాత్రం చెప్పులు వెతుక్కునేది. "బంద్ నాడైతే రాసేటోళ్లు ఇంట్లనే దొరుకుతరు. ఏడికి పోతరు?" అలా ఒక బంద్ నాడు, బస్సుల్లేని రోడ్డు మీద, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నన్ను నడిపించింది. అక్కడ ఎవరో కొత్తమ్మాయి నవల రాస్తోందని ఆమె చెవిన పడింది.

ఆ రచయిత్రిది గుంటూరు వైపు. తలుపు ఓరగా తీసి, మా తెలంగాణ యాస విని బెదిరింది. గొడవకు వచ్చామనుకున్నట్టుంది. "నవల ఏడిదాక వచ్చిందమ్మా?" అని పెద్దమ్మ అడిగేసరికి ఆమెకు నవ్వాగలేదు. పెసరట్లు పోసి పెట్టింది. తర్వాత వాళ్లిద్దరూ కాగితాలు ముందేసుకుని లోపలి గదిలో కూర్చున్నారు. నేను నడిచిన అలసటకు టీవీ ముందే నిద్రపోయాను.

నవల అచ్చయి వచ్చేసరికి పెద్దమ్మ దవాఖానలో ఉంది. రోజుకో అధ్యాయం చదివాను. ఒక లారీ డ్రైవరు భార్య, జబ్బుపడ్డ భర్త కోసం ఉపవాస ప్రార్థనలు చేస్తుంది. చివరి అధ్యాయంలో అతను చనిపోతాడు. ఆ ఆదివారం ఆమె చర్చికి వెళ్తుంది గానీ, పాట అందుకోలేక ఊరికే నిలబడుతుంది. అంతే.

ఎదురుగా పెద్దమ్మ చేతికి సెలైన్ ఎక్కుతోంది. నాకు నోరు రాలేదు. పుస్తకంలోకే చూస్తూ, అతను కోలుకున్నట్టు, ఇద్దరూ కలిసి చర్చికి వెళ్లినట్టు సొంతంగా కల్పించి చదివేశాను.

"గీమె గూడ గంతేనా" అంది పెద్దమ్మ. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "చివర చెడగొట్టిందని రాయి బిడ్డా. జర మెల్లగ రాయి, కొత్త పిల్ల" అంది.

రేపు కాస్త తేరుకున్నాక నిజం చదువుదాంలే అనుకున్నాను. ఆమె తేరుకోలేదు. ఆమె బాధపడకూడదని చేశానని ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. కానీ భయపడింది నేను, ఆమె కాదు. జీవితమంతా అబద్ధపు ముగింపులను తిట్టిన మనిషికి ఆఖరున అలాంటిదే వినిపించాను.

సమాధి కార్యక్రమం అయ్యాక రచయిత్రి మా ఇంటికి వచ్చింది. "చివరి అధ్యాయం విన్నారాండీ పెద్దమ్మగారు?" అని అడిగింది. జరిగింది దాచకుండా చెప్పాను.

"మొదట నేను మీరు కల్పించి చదివినట్టే రాశానండీ. ఆ రోజు మా ఇంట్లో ఆవిడ కాగితాలు పక్కన పెట్టి, 'గిట్లైతే నా అసొంటోళ్లు చర్చిల ఏడ కూసోవాలె' అన్నారు. ఆవిడ కోసమే మార్చాను."



వాకిట్లో షామియానా విప్పుతున్నారు. ఆమె ఒక కుర్చీలో కూర్చుని, సంచిలోంచి నవల తీసి చివరి అధ్యాయం తెరిచింది. పక్కన ఎవరో వింటున్నట్టు, పైకే, నెమ్మదిగా చదవడం మొదలుపెట్టింది. మిగతా కుర్చీలన్నీ ఆటోలోకి ఎక్కించేసిన షామియానా వాళ్లు, ఆ ఒక్క కుర్చీ కోసం గేటు దగ్గర నిలబడ్డారు.