నోరు మూసుకుని రండి

పళ్ళ డాక్టరుకు చమత్కారాలు పనికిరావని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. మా ఆవిడ చెప్పిందట. నేనే వినలేదట.

కరోనా వచ్చిన మొదటి ఏడాది, లాక్‌డౌన్ సడలించాక నర్సీపట్నంలో నా క్లినిక్ మళ్ళీ తెరిచిన రోజున, ఒక అట్టముక్క మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో స్వహస్తాలతో ఇలా రాసి గుమ్మం పక్కన తగిలించాను:

"నోరు మూసుకుని రండి. తెరవమన్నప్పుడే తెరవండి."

మాస్కు గురించి, అంతే. రాసి రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాను. చదివినవాళ్ళు ముందు ఉలిక్కిపడి, తర్వాత నవ్వుకుంటారనుకున్నాను. ఉలిక్కిపడటం వరకూ నా లెక్క తప్పలేదు.

అంతకు ముందంతా మూతే. పొద్దున్నపూట పళ్ళ బండ్లు తిరగొచ్చన్నారు. పళ్ళ డాక్టర్లు మాత్రం ప్రాణం మీదికి వస్తే తప్ప తలుపు తీయకూడదన్నారు. ఈ మాట ఫోన్లో చాలామందికి చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

తలుపు తీయకూడదనడంలో తప్పు లేదు. పన్ను అరగదీసే మిషను నీళ్ళు చిమ్ముతూ తిరుగుతుంది. ఆ తుంపర రోగి నోట్లోది మోసుకుని గదంతా తేలుతుంది. అందుకని తెరిచాక ఏసీ కట్టేశాను, కిటికీలు బార్లా తీశాను, ఫ్యాను గాలి బయటికి పోయేలా తిప్పి పెట్టాను. మిషను జోలికి పోకుండా చేత్తో అయ్యే పనులే ఒప్పుకునేవాణ్ణి. రోగి కుర్చీకి మిఠాయి డబ్బాకి చుట్టినట్టు పల్చటి ప్లాస్టిక్ చుట్టేవాణ్ణి. ఒకరు వెళ్ళాక అది ఊడదీసి, అంతా మందు నీళ్ళతో తుడిచి, గదికి గాలాడేదాకా ఆగి, అప్పుడు మరొకరిని పిలవడం. అంతవరకూ నా బతుకు పళ్ళకు తొడుగులు వెయ్యడం. ఇప్పుడు చేతులకు తొడుగు, ముఖానికి తొడుగు, వాటి మీద తల నుంచి కాళ్ళ దాకా ఇంకో తొడుగు. ఆ తెల్ల గౌనులో నన్ను చూసి ఎస్. రాయవరం నుంచి వచ్చిన ఒకాయన గుమ్మంలోనే ఆగిపోయి, "డాక్టరుగోరు లేరేటండీ?" అని నన్నే అడిగాడు.

మా ఇంట్లోనే ఉండే అత్తగారికి షుగరు, గుండెజబ్బు. రోజంతా పరాయి నోళ్ళ మీద వంగి పనిచేసి ఆ ఇంటికి వెళ్ళడానికి మనసొప్పక, క్లినిక్ మేడమీద గదిలో మకాం పెట్టాను. మా ఆవిడ బలిఘట్టంలోని మా ఇంటి నుంచి స్కూటీ మీద క్యారేజీ తెచ్చి, గేటుకి తగిలించి, రోడ్డు అవతలికి వెళ్ళి ఫోన్ చేసేది. ఎదురెదురుగా నిలబడి ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. "కూర బాగుందా?" అనేది. "ఇంకా మూత తియ్యలేదు," అనేవాణ్ణి. ఆమె స్కూటీ మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు గేటు దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

అన్నిటికన్నా నన్ను ఒంటరిని చేసింది ముందు గది. జనం గుమికూడకూడదు కాబట్టి అక్కడి కుర్చీలన్నీ మేడమీదికి చేర్చాను. పేపరు మాన్పించాను. నాలుగు గోడలూ, ఒక శానిటైజరు సీసా మిగిలాయి.

ఆ గదికి అసలు యజమాని నేను కాదు, బాబాయ్‌గారు. చుట్టరికమేమీ లేదు, పిలుపు అంతే. బెల్లం వ్యాపారం కొడుక్కి అప్పగించిన పెద్దమనిషి. పదేళ్ళుగా రోజూ వాకింగ్ అయ్యాక వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, పేపరు నాకన్నా ముందు చదివి, నాకోసం వచ్చినవాళ్ళందరితోనూ మాట్లాడేవారు. ఆయనకు ఏనాడూ పన్ను నొప్పి లేదు. "డాక్టరుబాబూ, మా బెల్లమే నేకపోతే మీకు బేరమేటండీ? మీ బోర్డు మీద నా పేరు కూడా రాయించాల," అనేవారు. దానికి నా దగ్గర మంచి జవాబు ఉండేది. చెప్పే సందు దొరికేది కాదు. ఊళ్ళోవాళ్ళందరి నోళ్ళూ తెరిపించే నాకు, ఆయన ముందు నా నోరు తెరిచే వీలే ఉండేది కాదు.

తెరిచిన రోజు పొద్దున్న ఆయన వచ్చారు. ఉతికిన పంచె, కొత్త మాస్కు. గుమ్మం ముందు ఆగి అట్టముక్క చదివారు. కిటికీ లోపల నిలబడి, ఎప్పుడు నవ్వుతారా అని చూస్తున్నాను. మాస్కు ఉంది కాబట్టి లోపల నవ్వుతున్నారనే అనుకున్నాను. చెయ్యి కూడా ఊపాను. ఆయన ఇంకోసారి చదివి, వెనక్కి తిరిగి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే కోడలు ఎత్తింది.

"మావయ్యగారు మాటాడనంతన్నారండీ. మీరే నోరు మూసుకోమన్నారంట గదా!"

"అది మాస్కు గురించమ్మా!"

"మాకు తెలుసండీ. ఆయనకీ తెలుసు. అయినా కోపమే."

మా ఆవిడతో రోడ్డుకి ఇవతలి నుంచి చెప్పుకున్నాను. "మాటే బతుకైన మనిషికి అలాంటిది రాసి చూపిస్తారా?" అని అవతలి నుంచి అంది. ఆ సాయంత్రమే అట్ట పీకేసి, "మాస్కు ధరించి రండి" అని రాసి పెట్టాను. అందులో చమత్కారమూ లేదు, తప్పూ లేదు. దాన్ని ఆయన చూడనూ లేదు. స్వయంగా వెళ్ళి చెప్పుకుందామంటే ఆయనకు డెబ్బై దాటాయి, నావి రోజూ నలుగురి నోళ్ళలో తిరిగే చేతులు. వెళ్ళలేకపోయాను.

రోజులు అలాగే గడిచాయి. రోడ్డు మీద ఎవరిని చూసినా కళ్ళే, నా కుర్చీలో ఎవరు కూర్చున్నా నోరే. పూర్తి ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. అద్దంలో ఉన్నది నా ముఖమే గాని, దానితో ఎంతసేపని మాట్లాడతాం? పనయ్యాక ఆ ఖాళీ గది తుడుస్తూ కిటికీ దగ్గరికి వచ్చేసరికి, అక్కడ లేని కుర్చీని తప్పించుకుని తుడిచేవాణ్ణి.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున్న, మాస్కు మీద తువ్వాలు బిగించి కట్టుకుని, ఒక బుగ్గ ఎత్తుగా, బాబాయ్‌గారు వచ్చారు. ఒళ్ళు వేడి చూశాను, వేలికి ఆక్సిజన్ మిషను పెట్టాను.

"నేనే బాబాయ్‌గారూ. గుర్తుపట్టారా?"

ఆయన మాస్కు మీద వేలు పెట్టుకుని, ఆ వేలినే పాత అట్ట ఉండిన చోటికి చూపించారు.

"ఎన్నాళ్ళ నుంచి నొప్పి?" వేళ్ళు చూపించారు. "దగ్గు, జ్వరం?" తల అడ్డంగా ఊపారు. "మాట్లాడరా?" మళ్ళీ ఆ గోడకేసే చూపించారు. కుర్చీలో కూర్చున్నాక కూడా, తెరవమన్నప్పుడే తెరిచారు. పదేళ్ళుగా వింటున్న నోటిని లోపలి నుంచి చూడటం అదే మొదటిసారి.

దవడ పన్ను లోపలంతా డొల్ల. పీకడమే మార్గం. మందు నీళ్ళు పుక్కిలించమంటే పుక్కిలించారు. సూది వేస్తే "హుఁ" అనైనా అనలేదు. పన్ను చేతికొచ్చాక, ఆ గుంట మీద దూది పెట్టి గట్టిగా కొరకమన్నాను. అప్పుడు తట్టింది నాకు, పదేళ్ళుగా దొరకని సందు ఇప్పుడు దొరికిందని.

మామూలుగా అయితే ఇంటికి పంపేసి ఫోన్లో కనుక్కునేవాణ్ణి. ఈయనకు బీపీ ఉంది, రక్తం ఆగిందో లేదో చూడాలన్నాను. మేడమీది నుంచి రెండు కుర్చీలు దింపి వరండాలో దూరదూరంగా వేశాను. తెల్ల గౌను విప్పేసి, కడుక్కుని, మామూలు చొక్కాతో మాస్కుతో వచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"అరగంట నోరు మూసుకుని కూర్చోండి," అన్నాను. "ఈసారి చమత్కారం కాదు, వైద్యం."

ఆయన కళ్ళెర్రజేశారు. నేను మొదలుపెట్టాను. అట్టముక్క సంగతి, అద్దంలో ముఖం సంగతి, పళ్ళ బండి సంగతి, కుర్చీ లేని కిటికీ సంగతి. అన్నీ చెప్పి, చివర్లో పదేళ్ళుగా దాచుకున్న జవాబు కూడా చెప్పేశాను.

"మీ బెల్లం వల్లే నా బేరమన్నారు గదా! ఇంట్లో రోజూ తిన్న మీ పన్ను పుచ్చడానికి ఇన్నేళ్ళు పట్టిందంటే, మీ సరుకులో తీపి లేదు బాబాయ్‌గారూ."

"ఊఁ! ఊఁఊఁ!" కుర్చీలోంచి సగం లేచారు. వేలు ఊపారు. భుజాలు అదురుతున్నాయి, మాస్కు పైన కళ్ళు చిన్నవై నీళ్ళు తిరిగాయి. అది కోపం కాదని ఈసారి నాకు తెలిసింది.

అరగంట అయింది. దూది తీయించి చూశాను, రక్తం పూర్తిగా ఆగిపోయింది. ఆయన గొంతు సవరించుకున్నారు. నేను గబుక్కున ఇంకో దూది ముక్క చుట్టి అందించాను.

"ఇంకో పది నిమిషాలు, బాబాయ్‌గారూ."