నేను అందంగా ఆగిన రోజు

నా జీవితంలో నేను ఒకే ఒక్కసారి అద్భుతంగా ఆగాను. చెయ్యి ఎక్కడుండాలో అక్కడుంది, కాలు ఎక్కడుండాలో అక్కడుంది, చిరునవ్వు కూడా ఉండాల్సిన చోటే ఉంది. అంత అందంగా ఆగినందుకు జనగామలో ఒక సభ ఆగమాగమైంది, మా బాపమ్మ, అంటే మా నాయనమ్మ, ఎక్కాల్సిన రైలు వెళ్లిపోయింది, నాకు రావాల్సిన ఉద్యోగం కళ్ల ముందే ఇంకొకరి చేతిలో పడింది. మీరు కుర్చీలో కూర్చునే చదువుతున్నారు కదా? అయితే చెబుతాను. కాళ్లకు చక్రాలు కట్టుకుని ఉంటే మాత్రం ముందు విప్పేయండి.

మాది మహబూబాబాద్. మేం మానుకోట అంటాం. బజారులో మా బాపుకు పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉంది. డిగ్రీ అయ్యాక నన్ను కొట్లో కూర్చోబెట్టి చూశారు. నేను కూర్చున్నాను గానీ నా మనసు కూర్చోలేదు. మినప్పప్పు అడిగినవాళ్లకు పెసరపప్పు కట్టించాను. సెనగలడిగిన ఆమెకు సగ్గుబియ్యం ఇచ్చి పంపాను. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, తెరిచిన కందిపప్పు బస్తా వైపు చూస్తూ అది ఇసుకదిబ్బ అనీ, నేను దాని మీంచి జారిపోతున్నాననీ ఊహించుకునేదాన్ని.

"బిడ్డా, నువ్వు కొట్టుకు రాకుంటేనే నాకు లాభం" అన్నాడు బాపు, ఎంతో ప్రేమగా.

నా ధ్యాసంతా ఫిగర్ స్కేటింగ్ మీద ఉండేది. అంటే పందెం పరుగు కాదు, పాటకు తగ్గట్టు నాట్యంలా తిరగడం. టీవీలో మంచు మీద చేస్తారు. మానుకోటలో మంచంటే చలికాలం పొద్దున కనబడి టిఫిన్ వేళకు మాయమయ్యేదే కాబట్టి మేం నాలుగు చక్రాల బూట్లతో గచ్చు మీద చేసేవాళ్లం. మూతబడిన రైసుమిల్లు వెనక, ఒకప్పుడు వడ్లు ఆరబోసిన పెద్ద గచ్చు ఉండేది. సాయంత్రాలు అక్కడ రమేశ్ సార్ నేర్పేవారు. సార్‌ది భూపాలపల్లి. గొంతు పెద్దది, మనసు మెత్తన.

నాతోపాటు నేర్చుకునే జ్యోతిది గంగారం దగ్గర తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడేది, నాతో తెలుగు. నాకున్నట్టు దానికి కలలు లేవు. స్కేట్లు తొడుక్కునేది, తిరిగేది, ఆగేది, విప్పేది. నేను ఒక కాలు తొడుక్కుని రెండోది చేతిలో పట్టుకుని మబ్బుల్ని చూస్తుంటే, "తొడుగే తల్లీ, చీకటైతుంది" అనేది.

ఒకరోజు సార్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. "జనగామల ఒక స్కూలోళ్లు స్కేటింగ్ కోసం కొత్త హాలు కట్టిన్రు. ప్రారంభం రోజు ప్రదర్శన పెడుతున్నరు. మీ ఇద్దరి పేర్లిచ్చిన. చిన్నపిల్లలకు నేర్పెతందుకు ఒక టీచర్ కావాల్నట. హెడ్ మేడం ఆ రోజే చూసి తీసుకుంటది."

జ్యోతి నా వైపు చూసింది. వాళ్లన్నలిద్దరూ అప్పటికే పనికోసం హైదరాబాద్ వెళ్లిపోయారు. "ఇది రాకుంటే నేను గూడ పట్నం పోవుడే" అంది. నాకేమో ఇది రాకుంటే సగ్గుబియ్యమే గతి. ఇద్దరికీ కావాలి, ఉన్నది ఒక్కటే. అయినా ఆ సాయంత్రం ఒకే పొట్లంలో మిర్చి బజ్జీలు తిన్నాం.

ఒక వేణువు పాటకు ఆట మొత్తం సారే కూర్చారు. చివర్లో ఒక్కటి మాకు వదిలేశారు. "ఎట్ల ఆగుతరో మీ ఇష్టం. కానీ ముద్దుగ ఆగాలె."

ఆ "ముద్దుగ" అన్న మాటే నా కొంప ముంచింది.

జ్యోతి అక్కడికక్కడే తేల్చేసింది. "బూటు ముందట రబ్బరుంది గదా సార్. అది నేలకు ఆనిస్తే ఆగుత." అంతే, దాని ఆలోచన అయిపోయింది. నాది మొదలైంది. వెనక కాలు అడ్డంగా పెట్టి ఈడుస్తూ ఆగనా? గిర్రున ఒక చుట్టు తిరిగి ఆగనా? ఒక మోకాలు వంచి వాలిపోనా? ఇక లోకంలో ఆగేవన్నీ నా కంటికి కనబడటం మొదలుపెట్టాయి. బస్టాండుకు పోయి బస్సులు ఆగడం చూశాను. బస్సు ఆగితే లోపలున్న వాళ్లందరూ డ్రైవరుకు ఒక్కసారి దండం పెట్టినట్టు ముందుకు వంగుతారు. అది నాకు నచ్చలేదు. స్టేషన్లో రైలు ఆగడం చూశాను. పొడుగ్గా నిట్టూర్చి, ఇంకా కొంచెం పోదామా వద్దా అనుకుంటూ ఆగుతుంది. అది బాగుంది గానీ, నేను నిట్టూరిస్తే ఆయాసం అనుకుంటారు.

"మా భూపాలపల్లిల బొగ్గు లారీని చూడు" అన్నారు సార్. "ఆగాల్నని ముందే అనుకుంటది. అనుకున్నంక చాలా దూరం పోయి ఆగుతది. నువ్వు గూడ జర ముందుగాల అనుకో."

నన్ను బొగ్గు లారీతో పోల్చారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఎండాకాలం మొదట్లో జ్యోతి నన్ను వాళ్లింటికి తీసుకుపోయింది. కొత్తగూడ దాటాక అడవి. తెల్లవారుజామున వాళ్లమ్మ ఇప్పపువ్వు ఏరడానికి వెళ్తుంటే మేమూ వెంట వెళ్లాం. వెలుతురు ఇంకా పాలనురుగులా పలచగా ఉంది. చెట్టు కింద నిలబడితే తియ్యటి వాసన. పైనుంచి పువ్వులు ఒక్కొక్కటే రాలుతున్నాయి, తొందరేమీ లేనట్టు. ఒకటి నా ముందు పడి, కొంచెం దొర్లి, ఒక ఎండుటాకు మీద ఆగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"జ్యోతీ, దొరికిందే! నేను గిట్ల ఆగుత."

జ్యోతి తల కూడా ఎత్తలేదు. "పువ్వు ఆగుతలేదే, పడుతుంది. స్కేటింగుల దాన్ని పడుడనే అంటరు."

నేను కదలకుండా నిలబడి ఉండటం చూసి వాళ్లమ్మ లంబాడీలో ఏదో అడిగింది. జ్యోతి ఏదో చెప్పింది. ఆమె ఒడిలో పువ్వులు ఒలికిపోయేలా నవ్వింది.

చివరికి నా ఆగుడు నాకు మా కొట్టు వెనక గదిలో దొరికింది. కొట్లో కరెంటు కాంటా వచ్చినా, బాపమ్మ పాత తరాజును పారెయ్యనివ్వలేదు. ఒకరోజు దాన్ని అలా తట్టాను. రెండు తట్టలూ పైకీ కిందికీ ఊగాయి. కొంచెం తక్కువగా, ఇంకొంచెం తక్కువగా, చివరికి నిద్రపోతున్న వాళ్ల ఊపిరిలా. తర్వాత సమంగా నిలిచాయి. కిటికీలోంచి పడ్డ ఎండలో పప్పు నూగు తేలుతోంది. లోకమంతా ఒక్క క్షణం సమంగా తూగినట్టు అనిపించింది.

అదే రోజు గచ్చు మీద చేసి చూపించాను. వెనక కాలు అడ్డంగా ఈడుస్తూ, రెండు చేతులూ చాపి, పైకీ కిందికీ ఊపుతూ, నెమ్మదిగా సమం చేసి ఆగాను.

"ఎంత జోకుతున్నవ్? కిలోనా, అద్దకిలోనా?" అంది జ్యోతి.

కానీ సార్ మాత్రం "బాగుందమ్మా" అన్నారు. "నిజంగ బాగుంది."

ఇక నన్ను పట్టుకునేవాళ్లు లేరు. ఆ రోజు నుంచి నేను ఆగడం మాత్రమే సాధన చేశాను. పాట చివర్లో వేణువు సన్నగిల్లి, వినబడీ వినబడనట్టు పోయే చోటు పెట్టుకుని, ఆగేదాన్ని. మళ్లీ పెట్టుకుని, మళ్లీ ఆగేదాన్ని.

"మొత్తం ఒకసారి చేయరాదు?" అనేవారు సార్.

"మొత్తం వస్తది సార్. ఆగుడే ముఖ్యం."

ప్రదర్శన రోజు బాపు కొట్టు వదిలి రాలేక బాపమ్మను తోడు పంపాడు. బాపమ్మకు స్కేటింగ్ గురించి ఒక్కటే ప్రశ్న. "ఎప్పుడైపోతది? మళ్ల పొద్దుగూకే బండికి పోవాలె."

"నేను చేతులు చాపి ఆగితె అయిపోయినట్టు బాపమ్మా" అని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఆ హాలు చూస్తే మీకూ మతి పోయేది. నేల నెయ్యి రాసినట్టు మెరుస్తోంది. పైనున్న దీపాలన్నీ కిందకూడా వెలుగుతున్నాయి. రెండు ఆకాశాల మధ్య నిలబడినట్టుంది. స్కూలువాళ్లు మాకు కొత్త స్కేట్లు కూడా ఇచ్చారు. తొడుక్కుంటే కాళ్లు నావేనా అని అనుమానం వచ్చింది.

ముందు జ్యోతి వెళ్లింది. చక్కగా తిరిగింది, రబ్బరు ఆనించి ఆగింది, దండం పెట్టి వచ్చేసింది. హెడ్ మేడం తలూపింది. తర్వాత నేను.

వేణువు మొదలైంది. కాళ్లు వాటంతటవే కదిలాయి. ఒక అర్ధచంద్రం గీశాను. రెండో అర్ధచంద్రంలో ఉండగా వేణువు సన్నగిల్లింది. ఆ పాటలో వేణువు రెండుసార్లు సన్నగిల్లుతుంది. చివర ఒకసారి, మొదట్లో ఊపిరి తీసుకోవడానికి ఒకసారి. ఆ మొదటిది నేను విని ఎన్ని రోజులైందో!

కాలు అడ్డంగా పడింది. చేతులు చాచుకున్నాయి. ఊగాయి, తగ్గాయి, సమమయ్యాయి. ఆగాను.

ఎంత ముద్దుగా ఆగానంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. తర్వాత చప్పట్లు వర్షంలా కురిశాయి. బాపమ్మ లేచి, నా సంచి భుజాన వేసుకుని, ఆటో కోసం బయటకు నడిచింది. హెడ్ మేడం శాలువా పట్టుకుని గచ్చు మీదికే వచ్చి నా భుజాల మీద కప్పింది. నేను కళ్లు అరమోడ్చి నవ్వుతున్నాను.

అప్పుడు వేణువు ఊపిరి తీసుకోవడం అయిపోయింది. పాట మళ్లీ మొదలైంది.

దూరంగా సార్ చెయ్యి గిరగిర తిప్పుతున్నారు. నన్ను మెచ్చుకుంటున్నారనుకుని తలవంచాను.

"మాధవీ, కదులు!"

"అయిపోయింది సార్!"

"ఏడైపోయింది? ఇప్పుడే షురువైంది!"

మేడం నా మొహంలోకి చూసింది. "ఇంకా ఉందా అమ్మా?"

"లేదు మేడం. ఉంది మేడం."

శాలువాతోనే బయల్దేరాను. ఏది గుర్తొస్తే అది చేశాను. మొదట చేయాల్సింది మధ్యలో, మధ్యలోది రెండుసార్లు. శాలువా నా వెనక గాలిపటంలా ఎగురుతోంది. చివరకు వేణువు నిజంగానే సన్నగిల్లింది. ఇప్పుడు ఆగాలి. కానీ నా ఆగుడు అప్పటికే ఖర్చైపోయింది కదా! మళ్లీ అదే చేస్తే ఏం బాగుంటుంది? రైలులా ఆగనా, పువ్వులా వాలనా, బొగ్గు లారీలా... ఆలోచిస్తుండగానే హాలు అయిపోయింది.

గాలికోసం తెరిచిన పెద్ద తలుపులోంచి బయటపడ్డాను. అక్కణ్నుంచి గేటు దాకా వాలుగా సిమెంటు దారి. నిజం చెప్పాలంటే ఆ కొంచెం దూరం చాలా బాగుంది. సాయంత్రపు ఎండ, పక్కన కాగితప్పూల చెట్లు, చక్రాల కింద మెత్తటి గరగర. వాచ్‌మన్ నా శాలువా చూసి ముఖ్య అతిథి అనుకున్నట్టున్నాడు, గేటు బార్లా తెరిచి సెల్యూట్ కొట్టాడు.

గేటు బయట ఆటో. లోపల బాపమ్మ. నేను రాడ్డు పట్టుకున్నాను, చక్రాలు ముందుకు పోయాయి, నేను వెళ్లి సీట్లో కూలబడ్డాను.

బాపమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది. "అచ్చినవా బిడ్డా? శాలువా గూడ కప్పిన్రు, మంచిగైంది. పోనియ్యి నాయినా, స్టేషన్‌కు."

ఆటో కదిలింది.

"బాపమ్మా, ఆపుమను!"

"నువ్వు ఆగినవు గదనే. ఇంక అదెందుకు ఆగాలె?"

డ్రైవరు వెనక్కి తిరిగాడు. "ఆపాల్నా, పోవాల్నా, ఒక్క మాట మీద ఉండుండ్రి."

ఇంతలో సంచిలో నా ఫోను మోగింది. జ్యోతి.

"ఏడున్నవే?"

"ఆటోల."

"ఆటోలెందుకున్నవ్?"

"ఆగలేక."

"జనం ఇంకా తలుపు దిక్కే చూస్తున్నరు, మళ్ల వస్తవని. మేడం పరేషాన్ల ఉంది."

"నా గురించా?"

"నీ గురించి కాదు. నీ కాళ్లకున్న స్కేట్లు స్కూలువి."

ఆటోను వెనక్కి తిప్పించాం. రైలు మా కోసం ఆగలేదు. బాపమ్మ స్కూలువాళ్లిచ్చిన లడ్డూ తింటూ, అయిపోయినదాన్ని మళ్లీ మొదలుపెట్టడం ఎక్కడైనా ఉందా అని పక్కనున్న వాళ్లందరినీ అడిగింది.

ఉద్యోగం జ్యోతికిచ్చారు. అది నన్ను చూసి నవ్వాలో వద్దో తెలియక నిలబడింది. నేనే వెళ్లి గట్టిగా పట్టుకున్నాను. పట్నం పోవడం తప్పిందన్న సంతోషంలో అది నన్ను ఇంకా గట్టిగా పట్టుకుంది. నా కళ్ల ముందు ఒక సగ్గుబియ్యం బస్తా మెదిలింది గానీ, పక్కకు తోసేశాను.

అప్పుడే చిన్నపిల్లల గుంపు నన్ను చుట్టుముట్టింది. "అక్కా, ఇంకోసారి ఆటోలకు పోవా!" అంటూ చెయ్యి పట్టి లాగుతున్నారు. మేడం ఆ గోల చూసి చాలాసేపు నవ్వాపుకుంది, చివరికి ఆపుకోలేకపోయింది.

"శని, ఆదివారాలు నువ్వు గూడ రామ్మా" అంది. "బయలుదేరుడు నువ్వు నేర్పు. ఆగుడు మాత్రం జ్యోతి నేర్పుతది."

ఇప్పటికీ అలాగే నడుస్తోంది. ఆ హాలుకు ఈ చివర నేను పిల్లల్ని తోస్తాను, ఆ చివర జ్యోతి పట్టుకుంటుంది.

మానుకోట పప్పుల కొట్టు ఇంటి ఆడపిల్లనైన మాధవి అనే నేను, పాట పూర్తయ్యేదాకా ఎంత ముద్దుగా అనిపించినా ఆగనని, శాలువా కనబడగానే కళ్లు మూసుకోనని, పాట పూర్తయ్యాక జ్యోతి ఎక్కడ ఆగమంటే అక్కడే నోరుమూసుకుని ఆగుతానని అంతఃకరణ శుద్ధితో ప్రమాణం చేస్తున్నాను.