మస్కట్ నుంచి మూడు గంటలు

నా బిడ్డ పుట్టువెంట్రుకల ముహూర్తం చెడగొట్టింది నేనే. ఇంకెవరి మీదికీ నెట్టడానికి లేదు.

మా అన్న మస్కట్‌లో డ్రైవరు. నా పెళ్లికి ఆయనకు సెలవు దొరకలేదు. అన్నగా చేయాల్సినవన్నీ చిన్నాయన కొడుకు చేశాడు. పాప పుట్టినప్పుడూ రాలేకపోయాడు. అందుకే పదకొండో నెలలో వెంట్రుకలు తీయిద్దామనగానే, "ఈసారి నా ఒళ్లెనే కూసోవాలె చెల్లె. జర నేనొచ్చే టైం చూసి పెట్టున్రి" అని ఫోన్లో బతిమాలాడు. బిడ్డను మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, ఆయన చేత మొదటి కత్తెర వేయించడం మా ఆనవాయితీ.

తెల్లవారుజామున నాలుగున్నరకు విమానమట. టికెట్ ఫొటో పంపుతానంటే, "ఎందుకన్నా, నాకు లెక్క రాదా?" అన్నాను. ఫోన్లో చూస్తే మస్కట్ నుంచి హైదరాబాదుకు మూడు గంటల చిల్లర. అంటే ఎనిమిదిలోపు దిగుతాడు. శంషాబాద్ నుంచి చిట్యాల పక్కనున్న మా ఊరికి రెండు గంటలు వేసుకున్నా పదికల్లా వచ్చేస్తాడు. పదిన్నరకు ముహూర్తం పెట్టించాను.

మా బాపు, అంటే నాన్న, ఒక్కడే నమ్మలేదు. ఏటా ఎండాకాలం గొర్రెల మందను తోలుకొని కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డుకు నడిచిన మనిషి ఆయన. "గంత దూరం మూడు గంటలల్ల ఎట్లొస్తడే?" అన్నాడు.

"నీ గొర్ల లెక్క కాదు బాపు, విమానం!" అని నోరు మూయించాను.

ఆ రోజు తొమ్మిదిన్నరకు అందరం గుడి దగ్గర కూడాక ఫోన్ మోగింది. "ఇప్పుడే దిగిన చెల్లె" అన్నాడు అన్న. అప్పుడు తట్టింది నాకు. మస్కట్ గడియారం మనకంటే గంటన్నర వెనక. రోజూ ఫోన్లో "నీకిప్పుడెంతయింది?" అని అడిగేదాన్నే, ఆ గంటన్నర కలపడం మరిచిపోయాను!

గుడి పూజారి అయ్యగారు తొందరపెట్టారు. "చిన్నాయన కొడుకున్నడు గద, వరుసకు మేనమామనే" అన్నారు పెద్దమనుషులు. తప్పు నాది కాబట్టి నేనూ తలూపబోయాను. బాపు మాత్రం పాపను ఎత్తుకొని పోయి గుడి అరుగు మీద కూర్చున్నాడు.

"తొవ్వల గొర్రె ఈనితె మందంత ఆపుతం. ఎన్క వడ్డదాన్ని ఎన్నడన్న ఇడిసిపెట్టి పోయినమా? నా కొడుకు వచ్చేదాంక కత్తెర ముట్టద్దు."

అయ్యగారు కాసేపు చిటపటలాడి, మిట్టమధ్యాహ్నం అభిజిత్ ముహూర్తానికి సరేనన్నారు. బాపు అనాల్సినవన్నీ నన్ను నేనే తిట్టుకున్నాను.

పదకొండున్నర దాటాక అన్న కారు దిగి, పెట్టె కూడా తీసుకోకుండా ఉరికొచ్చాడు. బాపు ఒడిలో జుట్టుతోనే ఉన్న పాపను చూసి అక్కడే నిలబడిపోయాడు.

"అయిపోయిందనుకున్న బాపు. నా జాగల ఎవలన్న కూసుంటరనుకున్న."

"నీ జాగల ఎవలు కూసుంటరు రా?" అంటూ బాపు పాపను ఆయన చేతుల్లో పెట్టాడు.

అన్న వెక్కివెక్కి ఏడ్చాడు. కొత్త మొహం చూసి పాప అంతకంటే గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపుల మధ్యనే మొదటి కత్తెర పడింది.

నోరున్నది నాకు కొట్లాటకే గానీ, మంచి మాట చెప్పడం ఎప్పుడూ చేతకాలేదు. ఇన్నాళ్లకు రాస్తున్నాను. బాపూ, నీ పుణ్యాన నా బిడ్డకు మేనమామ దక్కాడు.